కొరికితే పటుక్కుమనాలి

ఏటి ఒడ్డు పొలం,
ఎండలు ముదరకముందు

బావా,

డబ్బాలు బండెక్కాయి. గోదాము తలుపు దగ్గర నిలబడి నువ్వే దించుకో. పని కూలీల మీద వదిలేసి మేడ మీద గుర్రుపెట్టి నిద్రపోయావని తెలిసిందో, అక్క మొహం కూడా చూడను, నీ కాళ్ళు విరగ్గొట్టి పొయ్యిలో పెడతాను.

ఇవి నా ఒక్కడి విత్తనాలు కావు. ఏటి ఒడ్డున ఉల్లి వేసేవాళ్ళందరివీ. పోయినేడు గుడ్డ సంచుల్లో కట్టి రేకుల కింద అటక మీద పెట్టుకుంటే, వానలకి మెత్తబడి సగానికి సగం చచ్చాయి. ఉల్లి గింజంత పిరికి గింజ ఇంకోటి లేదు బావా. కాస్త వేడీ కాస్త తేమా కలిసి తగిలితే లోపల్లోపలే ప్రాణం పోతుంది. పైకి మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది, అది శవమని మట్టిలో వేసేదాకా తెలీదు.

అందుకే ఈసారి "మా బావకి పట్నంలో చల్లగది ఉంది, పూచీ నాది" అని అందరి ముందూ చెప్పాను. గడ్డపాయన ఒకటే మాట అన్నాడు: "మొలవకపోతే మీ బావని కాదు, నిన్నే అడుగుతాం." ఆయన అడగడమంటే ఎలా ఉంటుందో తెలుసుగా. మేకల గొడవలో ఎవడిదో చెవి కొరికి మన కళ్ళముందే ఉమ్మేశాడు.

నీడలో ఆరబెట్టాం. గింజని పంటి కింద పెడితే పటుక్కున విరగాలి, అలా విరిగాకే డబ్బాల్లో పోసి మూతలు మైనంతో మూశాం. ఆ మైనం జోలికి పోకు. ఒక డబ్బా బండిలో పట్టక మంచం కింద తోశాను, తర్వాత పంపుతా. అక్కని అడిగానని చెప్పు. నిన్ను అడగలేదని కూడా చెప్పు.

నీ బామ్మర్ది

*

గోదాము మేడ,
నడి ఎండాకాలం

ఒరేయ్ బామ్మర్దీ,

డబ్బాలు చేరాయి. నా కాళ్ళు ఇంకా నాకే ఉన్నాయి. కాకపోతే మీ అక్క పొద్దస్తమానం మేడ మెట్లు ఎక్కించి దించి వాటిని అరగదీస్తోంది, నువ్వొచ్చేసరికి విరగ్గొట్టడానికి ఏమీ మిగలదు.

ఇక్కడ యుద్ధం నడిచింది. గోదాములోకి ఎలుకలు దిగాయి. తలుపులన్నీ మూయించి, కూలీలకి తలో కర్రా ఇచ్చి, నేను ఇనప చువ్వ పట్టుకున్నాను. ఒక మూల నుంచి మొదలుపెట్టి చితక్కొట్టుకుంటూ వచ్చాం. ఒకటి నా పంట్లాంలోకి దూరింది రా! తొడతో సహా గోడకేసి నొక్కి చంపాను. పని అయ్యేసరికి నేలంతా నెత్తురూ తోకలూ. మీ అక్క పైనుంచి చూసి, స్నానం చేసేదాకా మెట్టెక్కొద్దంది. అబద్ధమెందుకు, నాకు మాత్రం భలే హుషారుగా ఉంది.

నీ గింజలు మహారాజుల్లా ఉన్నాయి. బయట నిప్పులు కురుస్తుంటే ఆ గదిలో పళ్ళు టకటకలాడుతున్నాయి. నీ డబ్బాలతోనే ప్రాణం విసిగింది. గుండ్రంగా ఉండి ఒకదాని మీద ఒకటి నిలబడవు. ఒకటి దొర్లితే కూలీవాడి బొటనవేలు చితికింది. అందుకని మైనం పీకేయించి, గింజలన్నీ గోనె బస్తాల్లో పోయించి పైకప్పు దాకా పేర్పించాను. గింజకి మాత్రం ఊపిరాడొద్దూ? మిగిలిన సగం గది దుంపల వ్యాపారికి ఇచ్చాను, బంగాళదుంపలు నింపాడు. అవి ముడతలు పడకుండా రోజూ నేల తడుపుతున్నాం. ఖాళీ డబ్బాల్లో మీ అక్క నీళ్ళు పట్టుకుంది, మంచి డబ్బాలంటోంది.

గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపో.

బావ

*

ఏటి ఒడ్డు పొలం,
వానలకి ముందు

బావా,

నిద్రపోవడమా? కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. మైనం పీకావా? ఎదురుగా ఉంటే నీ పీక పిసికేవాణ్ణి.

చల్లదనం ఒక్కటే చాలదు బావా. గింజకి చలవా కావాలి, పొడిగానూ ఉండాలి. దుంపకి తడి కావాలి. ఈ రెంటినీ ఒకే గదిలో కాపురానికి పెట్టావు. నువ్వు తడిపిన నేల తడంతా గోనె పీల్చి గింజకి పట్టిస్తుంది. ఊపిరాడాలట! పొడి గింజంటే నిద్రపోతున్న ప్రాణం. తడి తగిలి ఊపిరి తీసుకోవడం మొదలెడితే, మొలకెత్తడానికి దాచుకున్న బలమంతా అక్కడే ఖర్చుచేసుకుని చస్తుంది.

ఈ ఉత్తరం అందగానే అడుగు బస్తా విప్పించు. గింజ తీసి ముందు పళ్ళతో కొరుకు. పటుక్కున రెండు ముక్కలైతే బతికిపోయాం. మెత్తగా నలిగి పంటికి అంటుకుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకు. బస్తాలన్నీ బయటికి తీసి, నీడలో గాలికి ఆరబెట్టి, మళ్ళీ డబ్బాల్లో మూయించు. ఇంకా సమయం మించిపోలేదు. సిగ్గుపడకు. కబురు చెయ్యి, నేనే వచ్చి ఆరబెడతాను, ఎవరికీ చెప్పను.

ఇక్కడ అప్పుడే కొట్టుకు చస్తున్నాం. కాలవ నీళ్ళ దగ్గర గడ్డపాయన తమ్ముడు నా చేలోకి నీళ్ళు పారే మడవ మూసేస్తే పార తిరగేసి వీపు మీద వేశాను. వాడు లేచి నా ముంజెయ్యి కరిచాడు. ఇద్దరం బురదలో దొర్లాం. వాడి తల నీళ్ళలోకి నొక్కి పట్టాను. బుడగలు వస్తున్నాయి బావా, నాకు వదలబుద్ధి కాలేదు. ఎవరో నా జుట్టు పట్టి లాగితే వదిలాను. తర్వాత గట్టు మీద కూర్చుంటే నన్ను చూసి నాకే భయమేసింది.

ఉత్తరం బస్సు డ్రైవర్ చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

బామ్మర్ది

*

గోదాము మేడ,
వానలు మొదలు

ఒరేయ్ చాదస్తం బామ్మర్దీ,

కొరికాను. అడుగు బస్తాలోదే. పటుక్కుమంది. చాలా?

ఇంకా కావాలంటే వాంగ్మూలం రాయించి వేలిముద్ర వేయిస్తాను. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాను, నీకు ముక్కు మీద కోపం, మనసు నిండా అనుమానం. కాలవలో మనుషుల్ని ముంచడం మాని నారుమడి దున్నుకో. వానలు తగ్గగానే లారీ మీద బస్తాలు పంపిస్తాను.

మీ అక్క కాస్త నలతగా ఉంది, ఈసారి ఏమీ రాయనంది.

బావ

*

ఏటి ఒడ్డు పొలం,
వానలు వెలిశాక

బావా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. ఎడమ చెయ్యి విరిగింది. కాగితం పట్టుకునే చెయ్యి లేదు.

బస్తాలు మిట్టమధ్యాహ్నం దిగాయి. చల్లగదిలోంచి తిన్నగా ఎండలోకి వచ్చాయేమో, గోనెకి చెమట పట్టింది. చెయ్యి పెడితే గింజలు ముద్దముద్దగా వచ్చాయి. అయినా నువ్వు రాసిన మాట నమ్మి జల్లాను. అందరూ జల్లారు. ఒక్క మొలక రాలేదు. ఆగాం. నీళ్ళు చిలకరించాం. మళ్ళీ ఆగాం. ఏటవతలి పిన్ని నారుమడి పక్కన చతికిలబడి గోళ్ళతో మట్టి గీకి గీకి చూసింది. గింజలు జిగురై వేళ్ళకి అంటుకున్నాయి. ఆవిడ అరిచిన అరుపు ఇంకా నా చెవుల్లో ఉంది.

సాయంత్రానికి అందరూ నా గుమ్మంలో ఉన్నారు. గడ్డపాయన పార కర్రతో మొదలెట్టాడు. మొదటి దెబ్బకే చెయ్యి విరిగిన చప్పుడు విన్నాను. నా పెళ్ళాం అడ్డం వస్తే జుట్టు పట్టి పక్కకి ఈడ్చారు. కిందపడ్డాక కాళ్ళతో తన్నారు, డొక్కలో, మొహం మీద. రెండు రోజులు నెత్తురు ఉమ్మాను. ఇంట్లో కుండ మిగల్లేదు, తలుపు మిగల్లేదు. నేనేమన్నానో తెలుసా? "మా బావ గింజ కొరికి చూశాడు, పటుక్కుమందని రాశాడు, ఆయన అబద్ధమాడడు, తప్పు నాదే, నన్నే కొట్టండి" అన్నాను. కొట్టారు.

ఇప్పుడు చెప్పు. ఆ రోజు నిజంగా పటుక్కుమందా? ఒక్క మాట నిజం రాయి. నా ఎముకలు ఎలాగూ విరిగాయి, వాటి మీద ఒట్టేసి అడుగుతున్నాను.

*

గోదాము మేడ

బామ్మర్దికి,

నీ చెయ్యి సంగతి విని మీ అక్క ఏడుస్తోంది. కట్టు సరిగ్గా కట్టించుకో.

అయితే నన్ను నిలదీసే ముందు నీ నారుమడి చూసుకో. లోతుగా జల్లి ఉంటారు, ఎక్కువ తడిపి ఉంటారు, చీమలు మోసుకుపోయి ఉంటాయి. ఇన్నాళ్ళుగా గోదాము నడుపుతున్నాను, నా చల్లగది గురించి ఎవడూ వేలెత్తి చూపలేదు. కలుపు తీయడం కన్నా తలకాయలు పగలగొట్టుకోవడం మీకు ఇష్టం. ఇప్పుడు నీ తలకాయ పగిలితే దానికి నేను బాధ్యుణ్ణా? పటుక్కుమందన్నానంటే అంది. ఇంకోసారి అడిగి నన్ను అవమానించకు.

*

ఏటి ఒడ్డు పొలం

నీకు,

బావా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మంచం కింద తోసిన డబ్బా గుర్తుందా? పంపుతానని చెప్పి మర్చిపోయాను. ఎండాకాలమంతా ఉడికిపోయే గదిలో, చల్లదనం లేదు ఏమీ లేదు, మైనం మాత్రం చెక్కుచెదరకుండా పడి ఉంది. తెరిచాను. ఒక తడి గోనె గుడ్డలో ఆ గింజలు గుప్పెడు చుట్టాను. ఇంకో గుడ్డలో నీ బస్తాల గింజలు గుప్పెడు చుట్టాను. రెండూ ఒకే మూల, ఒకే నీళ్ళు. నా డబ్బా గింజలు మోకాళ్ళు వంచుకుని పచ్చగా లేచాయి, చచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నీవి బూజు పట్టి కంపుకొడుతున్నాయి.

ఆ గుడ్డలు రెండూ అందరి ముందూ పరిచాను. ఏటవతలి పిన్ని నా విరిగిన చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. గడ్డపాయన మాత్రం లేచి వెళ్ళి కిరసనాయిలు డబ్బా తెచ్చాడు.

వచ్చే సంత నాడు వస్తున్నాం. పారలున్నాయి, గొడ్డళ్ళున్నాయి. చంపే వస్తామని బాహాటంగానే అంటున్నారు. నేను ఆపను. అందరికన్నా ముందు నేనే ఉంటాను. నాకు నువ్వు గింజలు చంపినందుకు కాదు కోపం, తెలియక చేశావనుకుంటాను. అప్పుడైనా ఆరబెట్టి ఉంటే సగమైనా బతికేవి, నేనే వస్తానన్నాను కదా. నువ్వు కొరికి, తెలిసి, అబద్ధం రాశావు. ఆ అబద్ధం కోసం నేను నెత్తురు కక్కాను.

అక్కని ఎక్కడికైనా పంపెయ్యి. నువ్వు మాత్రం దాక్కోకు.

*

గోదాము మేడ

తమ్ముడూ,

నీ ఉత్తరం ముందు నా చేతికే వచ్చింది, చదివి ఆయన చేతిలో పెట్టాను. డ్రైవర్ని కిందే ఆపి ఇది రాస్తున్నాను.

నేను ఎక్కడికీ పోను. ఆయన గింజ కొరికిన రోజు పక్కనే ఉన్నాను. చప్పుడు రాలేదు. ఉమ్మేసి, చొక్కాకి మూతి తుడుచుకుని, పైకి వచ్చి "పటుక్కుమంది" అని రాశాడు. దుంపలవాడికి మాటిచ్చాడు, బస్తాలన్నీ దించి ఆరబెడితే నలుగురూ నవ్వుతారని భయం. "నువ్వేం రాయకు, నేను చూసుకుంటా" అన్నాడు. రాయలేదు. నా మొగుడి పరువు మోశాను, నీ ఎముకలు విరిగాయి. ఆయన్ని చూస్తే నా ఒళ్ళు మండుతోంది. నా చేత్తో నేనే నాలుగు అంటించేదాన్ని, నా చేతుల్లో అంత బలం లేదు.

పోలీసుల్ని పిలవమంటున్నాడు. వచ్చేవాళ్ళలో నువ్వున్నావు, ఎలా పిలవను? పారిపోతానంటున్నాడు. పారిపోతే గోదామూ మేడా తగలబెడతారు, ఇవాళ కాకపోతే రేపు ఏ దారిలోనో నరికేస్తారు. ఎంతకాలం దాగుతాడు?

అందుకని విను. తలుపు గడియ పెట్టను. ముందు నువ్వు రా. మొదటి దెబ్బ నీది పడాలి, అందరికీ కనబడేలా పడాలి, నెత్తురు కళ్ళజూడాలి. నెత్తురు చూస్తే సగం మందికి కోపం దిగుతుంది. సొంత బామ్మర్దే చావగొట్టాడంటే మిగతావాళ్ళు చెయ్యెత్తడానికి ఆలోచిస్తారు. కొట్టు, చంపకు. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకు. ఆయన చస్తే నేను నీ గుమ్మంలోనే చస్తాను, ఆ పాపం నువ్వు మొయ్యలేవు.

ఆయనకి ఈ ఉత్తరం సంగతి చెప్పను.

అక్క

*

ఏటి ఒడ్డు పొలం

అక్కా,

ఆ రోజు నువ్వు మెట్ల మీద నిలబడి అంతా చూశావు. అయినా రాయాలి, రాయకపోతే నాకు అన్నం సయించడం లేదు.

తలుపు తోయగానే బావ చల్లగదిలో దుంప బస్తాల వెనక కనబడ్డాడు. చొక్కా పట్టి బయటికి ఈడ్చాను. నువ్వు చెప్పినట్టే ముక్కు మీద గుద్దాను, నెత్తురు వచ్చింది. రెండోది కూడా అందరికీ కనబడేలా కొట్టాను. వెనక ఎవరో "హమ్మయ్య" అన్నారు కూడా. అక్కడితో ఆపొచ్చు. అంతవరకే నువ్వు కొట్టమన్నవి.

ఆ తర్వాతవన్నీ నావి అక్కా.

అప్పుడు ఆయన "ఒరేయ్, నేను నిజంగానే కొరికాను రా" అన్నాడు. అంతే, నాకు కళ్ళు కనబడలేదు. లారీకి ఎక్కించకుండా గోడ దగ్గర మిగిలిన మా బస్తాలోంచి గుప్పెడు గింజలు తీసి ఆయన నోట్లో కుక్కాను. "కొరుకు, ఇప్పుడు కొరుకు, నాకు వినబడాలి" అని దవడ మీద పిడికిలితో గుద్దాను. గింజ చప్పుడు చెయ్యలేదు. ఆయన పళ్ళు పటుక్కుమన్నాయి. మళ్ళీ గుద్దాను. ఆయన చేతులు అడ్డం పెట్టడం కూడా మానేశాడు. కాలవలో బుడగలు చూసినప్పటిలాగే అయింది, వదలబుద్ధి కాలేదు.

నన్ను లాగింది ఎవరో చూశావుగా. గడ్డపాయన. కిరసనాయిలు డబ్బా కింద పడేసి, వెనక నుంచి నన్ను రెండు చేతులా చుట్టేసి, "చాలురా, చచ్చిపోతాడు, మీ అక్క చూస్తోందిరా" అన్నాడు. ఆయన లేకపోతే నిన్ను నేనే విధవరాల్ని చేసేవాణ్ణి. వాళ్ళ చేతుల్లోంచి నీ మొగుణ్ణి కాపాడమన్నావు. నా చేతుల్లోంచి వాళ్ళు కాపాడారు.

డబ్బాలో మిగిలిన గింజలు అందరికీ పంచాను. తలా ఒక చిన్న మడి వస్తుంది. వాటి గడ్డలు దాచి, నాటి, పూత పూయించి, మళ్ళీ విత్తనం చేసుకోవాలి. అప్పటిదాకా కూలికి పోతాం. నన్ను క్షమించమని అడగను. బావ బతికాడా లేదా, అదొక్కటీ డ్రైవర్‌తో చెప్పి పంపు.

*

గోదాము మేడ,
రెండేళ్ళ తర్వాత, వానలు వెలిశాక

బామ్మర్దీ,

బతికానని డ్రైవర్ అప్పుడే చెప్పి ఉంటాడు. చాలాకాలం గంజే నా భోజనం. దవడ కుదురుకుంది కానీ కాస్త పక్కకి తిరిగింది. అద్దంలో చూసుకుంటే ఎవడో నన్ను వెక్కిరిస్తున్నట్టుంటుంది. ముందు పళ్ళు పైవీ కిందవీ లేవు. ఈల వేయడం మర్చిపోయాను, కూలీలు నా తిట్లు అర్థంకాక మళ్ళీ అడుగుతున్నారు. నువ్వు పగలగొట్టిన పళ్ళకి నీ మీద కోపం లేదని చెప్తే అది ఇంకో అబద్ధం. ఉంది. గట్టి పదార్థం ఏది కొరకబోయినా గుర్తొస్తావు, తిట్టుకుంటాను. కానీ ఆ రోజు నేను గింజ ఉమ్మేసి మెట్లెక్కుతుంటే నా కాళ్ళు ఎంత బరువెక్కాయో, అది కూడా గుర్తొస్తుంది. నిజం రాయడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకి సిగ్గుపడి నీ చెయ్యి విరగ్గొట్టించాను.

దుంపలవాణ్ణి అప్పుడే పంపేశాను. నేల తడపడం లేదు.

ఈయేడు ఎండాకాలం ముందు బస్సు మీద ఒక డబ్బా వచ్చింది. మైనంతో మూసి ఉంది, ఉత్తరం లేదు. ఎవరిదని డ్రైవర్ని అడగలేదు. దాన్ని చల్లగదిలో బల్ల మీద పెట్టి గదికి తాళం వేశాను. ఎలుక వస్తే చువ్వ పట్టుకుని గుమ్మంలోనే చంపాను. మైనం ముట్టుకోలేదు.

ఇప్పుడు విత్తే వేళయింది కదా, మొన్న బయటికి తెచ్చాను. వెంటనే తెరవలేదు. డబ్బాకి పట్టిన చెమట ఆరి, వెచ్చబడేదాకా నీడలో అలాగే ఉంచాను. ఇవాళ డ్రైవర్‌కి అప్పగించే ముందు మూత తీశాను. గింజ తీసి, నువ్వు మిగిల్చిన దవడ పంటి కింద పెట్టి కొరికాను.

నాకు వినబడింది. కానీ నా నోటి మాట నువ్వెందుకు నమ్మాలి? అందుకే ఇంకో గింజ తీసి మీ అక్క ముందు పెట్టాను. ఆ రోజు నుంచి తను నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నీకు ఒక్క ఉత్తరం రాయలేదు. అన్నం పెడుతుంది, పక్కకి తిరుగుతుంది, అంతే. గింజ వంక చూసింది. నా మొహం వంక చూసింది. తీసుకుని పంటి కింద పెట్టుకుంది. తర్వాత కలం కోసం చెయ్యి చాపింది. కింద తనే రాస్తుంది.

తమ్ముడూ, నేనూ కొరికాను. పటుక్కుమంది. జల్లుకోండి.

అక్క